కోడింగ్‌ వచ్చు సరే.. ‘టైమ్‌ జీరో’ తెలుసా?

ఫార్మ్‌డీ, స్టాటిస్టిక్స్‌, ఎంపీహెచ్‌.. వీటిలో ఏది చదువుతున్నా, ఫార్మా అనలిటిక్స్‌ ఉద్యోగ ప్రకటనల్లో ‘రియల్‌ వరల్డ్‌ ఎవిడెన్స్‌’ అనే మాట మీ కంట పడే ఉంటుంది. ఆసుపత్రి రికార్డులు, బీమా క్లెయిముల నుంచి మందుల పనితీరు తేల్చే పని అది. క్లినికల్‌ ట్రయల్‌ పెట్టే వీలు లేనప్పుడు, ఉన్న డేటాతోనే ట్రయల్‌ జరిగినట్టుగా విశ్లేషిస్తారు. దీన్నే ‘టార్గెట్‌ ట్రయల్‌ ఎమ్యులేషన్‌’ అంటారు.

ఎస్‌క్యూఎల్‌, ఆర్‌ వస్తే చాలనుకుంటారు చాలామంది. కానీ చిక్కంతా కోడ్‌ రాయకముందే ఉంటుంది.

గుండెపోటుతో ఆసుపత్రిలో చేరి డిశ్చార్జి అయినవాళ్ల డేటా మీ చేతికొచ్చిందనుకోండి. 90 రోజుల్లోపు ఫలానా మందు కొన్నవాళ్లను ‘వాడినవారు’ అనీ, మిగతావాళ్లను ‘వాడనివారు’ అనీ విడగొట్టి, డిశ్చార్జి రోజు నుంచే లెక్క మొదలుపెట్టారు. 60వ రోజున మందు కొన్న మనిషి అప్పటిదాకా బతికే ఉండాలి కదా! 10వ రోజునే చనిపోయినవారికి కొనే అవకాశమే లేదు, వాళ్లంతా ‘వాడనివారి’ ఖాతాలో పడిపోతారు. ఆ మందు ఎందుకూ పనికిరానిదైనా ప్రాణాలు కాపాడినట్టే కనిపిస్తుంది! దీని పేరు ‘ఇమ్మోర్టల్‌ టైమ్‌ బయాస్‌’. అసలు ట్రయల్‌లో అర్హత తేల్చడం, మందు కేటాయించడం, లెక్క మొదలవడం ఒకేసారి జరుగుతాయి. అదే టైమ్‌ జీరో. రికార్డుల్లో దాన్ని మీరే వెతికి పెట్టాలి.

ఇదేదో పుస్తకాల గొడవ కాదు. అమెరికాలో నర్సులపై ఏళ్లతరబడి సాగిన పరిశీలనలో, మెనోపాజ్‌ తర్వాత హార్మోన్లు వాడేవారికి గుండెజబ్బులు తక్కువని తేలింది. తీరా 16,608 మంది మహిళలపై ట్రయల్‌ పెడితే, హార్మోన్లు వాడినవారిలోనే గుండెజబ్బులు, రొమ్ము క్యాన్సర్‌ ఎక్కువయ్యాయి. 2002లో దాన్ని మధ్యలోనే ఆపేశారు. 2008లో మిగెల్‌ హెర్నాన్‌ బృందం అదే నర్సుల డేటాను ట్రయల్‌ పద్ధతిలో, హార్మోన్లు మొదలుపెట్టిన నాటి నుంచి లెక్కించింది. మెనోపాజ్‌ వచ్చి ఎన్నేళ్లయిందో, ఎంతకాలం గమనించారో కూడా సరిచూస్తే, రెండింటి మధ్య తేడా చాలావరకు తగ్గిపోయింది.

టైమ్‌ జీరో కుదిరినా పని అయిపోదు. క్లెయిములు పుట్టింది బిల్లుల కోసం, పరిశోధన కోసం కాదు. మందు కొన్నట్టు ఉంటుంది, మింగినట్టు ఉండదు. పొగతాగే అలవాటు, బరువు లాంటివి చాలాసార్లు దొరకవు. జబ్బు ముదిరినవారికే డాక్టర్లు పెద్ద మందు రాస్తారు కాబట్టి ఆ మందే హాని చేసినట్టు కనిపిస్తుంది. 2023లో అమెరికా బీమా డేటాతో 32 ట్రయల్స్‌ను అనుకరించి చూశారు. ట్రయల్‌ రూపాన్ని దగ్గరగా అనుకరించగలిగిన 16 చోట్ల ఫలితాల మధ్య కోరిలేషన్‌ 0.93, మిగతా 16లో 0.53 మాత్రమే. అంటే ఏ ప్రశ్నకు ఈ డేటా సరిపోదో చెప్పగలగడం కూడా ఉద్యోగంలో భాగమే.

ప్రాక్టీస్‌కు సింథియా అనే కృత్రిమ రోగుల డేటా ఉచితంగా దొరుకుతుంది. నిర్ణీత ఆన్‌లైన్‌ శిక్షణ పూర్తిచేస్తే మిమిక్‌ ఐసీయూ డేటాకూ దరఖాస్తు చేసుకోవచ్చు. ఏదో ఒకటి తీసుకుని ముందు ఒక పేజీ ప్రొటోకాల్‌ రాయండి: ఎవరు అర్హులు, ఏ మందుతో ఏ మందుకు పోలిక, లెక్క ఏ రోజు మొదలు, ఎప్పుడు ముగింపు, డేటాలో ఏం లేదు. రెజ్యూమెలో డాష్‌బోర్డుల పక్కన ఆ పేజీ కూడా పెట్టండి. ఇంటర్వ్యూలో దాని మీదే ప్రశ్నలు వస్తే మీకే మంచిది.