కంప్యూటరు చదువునకు గణితమే పునాది

ఇంటర్మీడియెట్‌లో గణితము చదివి ఉత్తీర్ణులైన బాలబాలికలు నేడు మన గ్రామములందెందరో కలరు. “కంప్యూటరు నేర్చుటకు మరల గణితమెందుకు? పట్టణములో ఆరు నెలల శిక్షణ చాలదా?” అని తలిదండ్రులు పంచాయతీ సభ్యులను అడుగుట కద్దు. తొందరపడి చెప్పిన మాట వలన ఒక బాలిక చదువు ఆగిపోవచ్చును. కావున ఈ విషయమును సభ్యులు చక్కగా గ్రహించుట అవసరము.

మీకు పరిచితమైన ఓటర్ల జాబితానే తీసికొందము. అందలి 1,000 పేర్లను ఇంటి నెంబర్ల వరుసలో గాక, అక్షరక్రమమున అమర్చినారనుకొనుడు. ఒక పేరును మొదటినుండి వెదకినచో ఒక్కొక్కప్పుడు వేయి పేర్లును చూడవలసివచ్చును. అట్లు గాక, నడిమి పేరును చూచి, కావలసినది దానికి ముందున్నదో తరువాతనున్నదో తెలిసికొని, అక్కరలేని సగమును విడిచిపెట్టుచు పోయినచో 10 సార్లు చూచిన చాలును. లక్ష పేర్లున్నను 17 సార్లకు మించదు. వేగము యంత్రమునది, ఉపాయము గణితమునది.

సికింద్రాబాదు ప్రాంతమున సైనిక్‌పురి, అల్వాల్, మారేడుపల్లి మున్నగు చోట్ల డిగ్రీ కళాశాలలు కలవు. గణితమును, కంప్యూటరు శాస్త్రమును కలిపి బి.ఎస్‌సి.లో చదువు విద్యార్థి మొదట కలన గణితమును, అవకలన సమీకరణములను నేర్చును. ఆపై బీజగణితము, సంఖ్యాత్మక విశ్లేషణము వచ్చును. వీనితోపాటు ప్రోగ్రాములు వ్రాయుట, సమాచారమును క్రమముగా అమర్చుట అభ్యసించును. యూనివర్సిటీ గ్రాంట్సు కమిషన్ 2022లో ప్రకటించిన విధానమున 3 సంవత్సరములకు డిగ్రీ, 4వ సంవత్సరమును పూర్తిచేసినచో ఆనర్సు డిగ్రీ లభించును. ఏ కళాశాలలో ఆనర్సు కలదో ముందుగా విచారించుకొనవలెను.

ఇట్టి విద్యకు ఫలమెట్టిదో ఆ ప్రాంతముననే చూడవచ్చును. కుషాయిగూడ చెంతనున్న ఈ.సి.ఐ.ఎల్. 1967లో స్థాపితమైనది. శాసనసభ, లోకసభ ఎన్నికలలో మీరు మీట నొక్కు ఓటు యంత్రములను తయారుచేయు రెండు ప్రభుత్వ సంస్థలలో ఇది యొకటి.

పల్లెటూరి బిడ్డకు ఇది అందని ఫలమని తలంపరాదు. నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లో జన్మించిన శ్రీ రాజ్ రెడ్డి, గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టము పొంది, పిదప కంప్యూటరునకు మనుష్యుల మాట తెలియునట్లు చేయు పరిశోధనలో అగ్రగణ్యులైరి. 1994లో వారికి ట్యూరింగ్ బహుమానము లభించినది. కంప్యూటరు శాస్త్రమున ఇంతకు మించిన గౌరవము లేదు.

ఇక సభ్యులు చేయదగిన పని యేమి? తెలంగాణలో 2016 నుండి డిగ్రీ ప్రవేశములు అధికభాగము ‘దోస్త్’ ద్వారా జరుగుచున్నవి. దరఖాస్తుకు ఆధారుతో జతపడిన ఫోను నెంబరు కావలెను. ఈ చిన్న పని ముందే జరుగకున్న గడువు దాటవచ్చును. అర్హులైనవారు ఉపకారవేతనమునకు ‘ఈ-పాస్’ ద్వారా దరఖాస్తు చేయవలెను. ఇంట కంప్యూటరు లేదని వెనుదీయనక్కరలేదు. గణితమునకు కాగితము, కలము చాలును. ఈ వేసవిలో మీ గ్రామమున ఇంటర్మీడియెట్ ముగించిన వారి ఇండ్లకు ఒకసారి వెళ్ళి ఈ మాట చెప్పుడు. మీ మాట వలన ఒక్కరు కళాశాలకు పోయినను అది గ్రామమునకు మేలే.