చాకు వెన్ను చూడండి

బంగారపేటలో వర్క్‌షాపు క్లాసు చెప్పే రోజుల్లో ఒక కుర్రాడు అడిగాడు: "సార్, సినిమాలో విలన్ చాకుకు బటనే లేదు కదా, నొక్కితే ఎట్ల తెరుచుకునింది?" మంచి కన్ను.

అలాంటి పాతకాలపు మడత చాకుకు బటనూ లేదు, తాళమూ లేదు. ఉన్నదల్లా పిడి వెన్నులో ఒక ఉక్కు స్ప్రింగు. దాని ఒక కొసనూ నడుమునూ రివెట్లు బిగించి ఉంచుతాయి. రెండో కొస అలుగు మొదలును ఎప్పుడూ అదుముతూ ఉంటుంది. కిటుకంతా ఆ మొదల్లోనే. దాన్ని గుండ్రంగా కాకుండా, రెండు చదునులూ వాటి నడుమ ఒక మూలా వచ్చేట్టు అరగదీస్తారు. అలుగు మీది గాడిలో గోరు పెట్టి లాగితే ఆ మూల స్ప్రింగును పైకి నెడుతుంది. అంతవరకూ మిట్ట ఎక్కే బండిలా మొరాయించిన అలుగు, మూల దాటగానే తనంతట తనే పరుగు తీస్తుంది. స్ప్రింగు వచ్చి రెండో చదును మీద పడిన చప్పుడే ఆ 'టక్'. వెన్ను మీద వేలు ఆనించి నెమ్మదిగా తెరవండి, స్ప్రింగు లేచి దిగడం తెలుస్తుంది. పనితనమున్న చాకైతే, మూసినా తెరిచినా ఆ వెన్ను మీద గోటికి మెట్టు తగలదు. ఆకురాయితో కొద్దికొద్దిగా రాకి ఆ అమరిక సాధించడంలోనే ఇంగ్లండులోని షెఫీల్డ్ పనివాళ్ల పేరంతా ఉంది.

కాబట్టి సినిమాలో చప్పుడు నిజం, నొక్కుడు అబద్ధం. అంతకన్నా పెద్ద తప్పు పొడవడం. మామిడికాయ కోస్తే ఒత్తిడి పదును మీద పడి, అలుగు తెరుచుకునే వైపే నెట్టుకుంటుంది. అక్కడ ఆపడానికి స్ప్రింగు కొస ఉంది. మొనతో పొడిస్తే అలుగు మడతపడి పొడిచినవాడి వేళ్ల మీదికే రావచ్చు. తెర మీద మాత్రం విలన్ వేళ్లు పదీ భద్రం!

స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్సెనర్ ఇదే స్ప్రింగుతో రెండు పక్కల పరికరాలనూ నడిపించి, 1897లో ఆఫీసర్ల చాకుగా నమోదు చేయించాడు. తనలాగే స్విస్ సైన్యానికి చాకులమ్మిన పోటీదారు వెంగర్‌ను ఆయన కంపెనీ విక్టోరినాక్స్ 2005లో కొనేసింది. 1964లో అమెరికాలో బక్ 110 అనే చాకు వచ్చి తాళమున్న చాకును ఇంటింటి వస్తువు చేసింది. అలుగుకు గుండ్రటి రంధ్రం, జేబుకు తగిలించే క్లిప్పు ఉన్న స్పైడర్‌కో చాకు 1981 నాటిది.

ఈ తేదీలు మా ఊరి సినిమాలకు పనికొస్తాయి. కోలార్ బంగారు గనుల సైనైడ్ దిబ్బల మీద సెట్టు వేసి తీసిన 'కేజీఎఫ్' కథ ఎక్కువగా 1970ల చివర్లో నడుస్తుంది. అలాంటి కథలో రౌడీ రంధ్రంలో బొటనవేలు పెట్టి అలుగు తెరిస్తే తప్పే. ఇంకా వెనక్కి వెళితే, 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ గనుల పని పట్టి, కార్న్‌వాల్ గని మనుషుల్ని రప్పించింది. వాళ్ల మీద ఎవరైనా సినిమా తీస్తే, 1885 నాటి మేస్త్రీ చేతికిచ్చే చాకు మొదల్లో 'ఇంగ్లండ్' అన్న ముద్ర ఉందేమో చూసుకోవాలి. దిగుమతి సరుకు మీద దేశం పేరుండాలని అమెరికా 1890లో చట్టం చేశాకే షెఫీల్డ్‌లో ఆ ముద్ర మామూలైంది. 'షెఫీల్డ్' అని మాత్రమే ఉంటే పేచీ లేదు.