పాత యంత్రమునకు కన్ను, కావలి

చేతితో త్రిప్పు పాత మిల్లింగు యంత్రమునకు మోటార్లను, కంప్యూటరును అమర్చి సి.ఎన్.సి. యంత్రముగా మార్చుట నేడు చిన్న కర్మశాలలకు సైతము సాధ్యమైనది. ఐ.టి.ఐ. చదివిన గ్రామ యువకులు ఇట్టి పనికి పూనుకొన్నప్పుడు, పంచాయతీ సభ్యులు అందలి ముఖ్య విషయములను ఎరిగియుండుట మంచిదని మేము తలంచుచున్నాము.

ఇది వింత పని కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ వారు 1952లో ప్రదర్శించిన తొలి సంఖ్యా నియంత్రిత మిల్లింగు యంత్రము కూడ ఒక సిన్సినాటి హైడ్రోటెల్ యంత్రమును మార్చి చేసినదే.

ఎన్‌కోడరు

ఇది యంత్రమునకు కన్ను. మోటారు ఇరుసుతో కూడ తిరుగు చిన్న బిళ్లపై సన్నని గీతలుండును. బిళ్ల తిరిగినప్పుడు ఎ, బి అను రెండు విద్యుత్ సంకేతములు వెలువడును. వానిలో ఏది ముందు వచ్చినదో చూచి కంప్యూటరు దిక్కును గ్రహించును. గీతలు 1000 ఉన్నచో చుట్టునకు 4000 లెక్కలు వచ్చును. చుట్టునకు బల్ల 5 మిల్లీమీటర్లు జరుగునట్లున్నచో, ఒక్క లెక్క మిల్లీమీటరులో 800వ వంతు మాత్రమే.

ఇంత సున్నితమైన సంకేతము మోటారు తీగెల ప్రక్కన సాగినచో చెడును. కావున ఎన్‌కోడరు తీగెలను వేరు దారిన నడుపవలెను. ప్రతి సంకేతమును, దాని ప్రతిసంకేతమును జంటగా పెనవేసి, లోహపు అల్లిక గల తొడుగులో పంపవలెను. రెండు తీగెలపై సమానముగా పడిన అలజడి, వాని భేదమును గైకొన్నప్పుడు తొలగిపోవును.

లిమిట్ స్విచ్చి

ఇది పొలిమేర కావలి. బల్ల హద్దు చేరగానే యంత్రమును ఆపును. దొంగను చూచినప్పుడు మాత్రమే కేకవేయు కావలివాడు నిద్రించినచో ఊరికి తెలియదు. ఎడతెగక కేకవేయువాని కేక ఆగినచో ఊరంతయు మేల్కొనును. స్విచ్చిని ఈ రెండవ విధముగా కలుపవలెను. మామూలు వేళ విద్యుత్తు ప్రవహించుచుండి, హద్దు తగిలినప్పుడు తెగవలెను. అప్పుడు ఎలుక తీగె కొరికినను యంత్రము ఆగును. లేనియెడల తీగె తెగిన సంగతి బల్ల గుద్దుకొన్న పిమ్మటనే తెలియును.

పరీక్ష

ఎ, బి జంటలు తారుమారైనచో కంప్యూటరు దిక్కును విపరీతముగా గ్రహించును. తప్పు దిద్దబోయి బల్లను మరింత వేగముగా అటే తరుమును. పనివాని చేయి అచ్చట ఉన్నచో ఏమగునో చెప్పనక్కరలేదు. కావున మోటార్లకు విద్యుత్తు ఇవ్వకమునుపే బల్లను చేతితో త్రిప్పి, తెరపై అంకె సరియైన దిక్కున పెరుగుచున్నదో లేదో చూడవలెను. ప్రతి స్విచ్చిని వ్రేలితో నొక్కి చూడవలెను. అత్యవసరపు ఎర్ర బొత్తాము కంప్యూటరుపై ఆధారపడక, మోటార్ల విద్యుత్తును తానే త్రెంచునదిగా ఉండవలెను.

సభ్యులు కర్మశాలను దర్శించినప్పుడు ఒక్క ప్రశ్న అడిగిన చాలును: "ఈ తీగె ఇప్పుడు తెగినచో యంత్రము ఆగునా, నడచునా?" ఆగునను సమాధానమును కన్నులార చూచిన పిదపనే ఆ యంత్రమునొద్ద మన బిడ్డలను నిలుపుట క్షేమకరము.