పలువరుసకు ఆధారం ఆరేళ్ల పన్ను

ముంబయి సెంట్రల్ దగ్గర, కామాఠీపుర గల్లీల నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, నగరపాలక సంస్థ నడిపే నాయర్ దంత వైద్య కళాశాల ఉంది. 18వ శతాబ్దం చివర, సముద్రపు పోటును ఆపే హార్న్‌బీ వెల్లార్డ్ కట్టాక ఆరిన ఈ పల్లపు నేలలో తెలుగు కూలీలు స్థిరపడ్డారు. ఆ తర్వాత వర్లీ, లోయర్ పరేల్ మిల్లుల చుట్టూ పద్మశాలి కుటుంబాలు చాళ్లలో చేరాయి. ఈ ఇళ్లలోనైనా, తెలుగునేల మీదనైనా, పలువరుస మాట ఎక్కువగా వినపడేది పెళ్లిచూపుల ముందే. ఎత్తుపళ్లకు క్లిప్పులు వేయించాలా వద్దా అన్నదే చర్చ. ఆ చర్చ అసలు చోటును వదిలేస్తోందని నా అభిప్రాయం. పై దవడ, కింది దవడ కలిసే తీరు చెడిపోవడానికి రోజుకూలీ కుటుంబాల్లో ఆపగలిగిన పెద్ద కారణం వంకరగా మొలిచిన పన్ను కాదు. పుచ్చిపోయి, పీకించుకుని, ఖాళీగా వదిలేసిన దవడ పన్ను.

బిడ్డకు సుమారు ఆరేళ్లు వచ్చేసరికి పాలపళ్ల వరుస వెనక, దవడకు ఒక్కో పక్కన ఒకటి చొప్పున, నాలుగు కొత్త దవడ పళ్లు వస్తాయి. వాటికోసం ఏ పాలపన్నూ ఊడదు, అందుకే వచ్చిన సంగతే ఇంట్లో తెలియదు. కనపడినా పాలపన్నే అనుకుంటారు, ఎలాగూ ఊడిపోతుందిలే అని వదిలేస్తారు. కానీ అవి జీవితాంతం ఉండాల్సినవి. నమలడంలో పెద్ద బరువు మోసేవి అవే, తర్వాత వచ్చే పళ్లు సర్దుకునేదీ వాటిని ఆనుకునే. వాటి పై భాగంలో లోతైన గాళ్లుంటాయి, బ్రష్షు కుచ్చు వాటి అడుగు దాకా పోదు, తీపి తిండి అక్కడే ఇరుక్కుంటుంది. లోకల్ రైల్లో ముగ్గురి బెంచీ మీద ఇరుకుగా కూర్చున్న నలుగురిలో ఒకరు లేస్తే మిగిలినవాళ్లు ఆ ఖాళీలోకి జరుగుతారు. పన్ను పీకిన చోటా అంతే. వెనకది ముందుకు ఒరుగుతుంది, ఎదురుగా ఉన్న పైపన్ను ఆపేది లేక కిందికి దిగుతుంది. ఒరిగిన సందులో అన్నం మెతుకులు చిక్కి చిగురు వాస్తుంది, మనిషి తెలియకుండానే రెండో పక్కన నమలడం మొదలుపెడతాడు. పాల దవడపన్ను ముందే పోయినా ఆరేళ్ల పన్ను ముందుకు జరిగి, కిందినుంచి రావాల్సిన పన్నుకు చోటు లేకుండా చేస్తుంది. అయితే పీకడం ఎప్పుడూ తప్పని కాదు. బాగు చేయలేనంత పాడైన కింది పన్నును ఎనిమిది, పదేళ్ల మధ్య వైద్యులు ఆలోచించి తీస్తే, వెనక మొలిచేది దాని స్థానంలోకి చక్కగా రావచ్చు. ఆ వయసు దాటితే ఖాళీ ఖరీదవుతుంది.

పళ్లు సరిగా కలవకపోతే దవడ కీలు దెబ్బతింటుందనీ, తలనొప్పి, చెవిపోటు వస్తాయనీ చాలామంది నమ్మకం. ఈ వాదనకు బలమిచ్చినవాడు అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుడు జేమ్స్ కాస్టెన్, 1934లో. తర్వాతి దశాబ్దాల పరిశోధన దాన్ని నిలబెట్టలేదు. వంకర పళ్లున్నవాళ్లలో ఎక్కువమందికి కీలు నొప్పి లేదు, నొప్పి ఉన్నవాళ్లలో ఎందరికో పలువరుస తిన్నగానే ఉంది. ఆరోగ్యవంతుల్లో పై పళ్లు, కింది పళ్లు రోజు మొత్తంలో ఒకదానికొకటి తాకే కాలం చాలా తక్కువ. మిగతా సమయమంతా వాటి మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. నిద్రలో పళ్లు నూరడం, ఆందోళనలో బిగపట్టడం దవడ కండరాలను అలసిపోయేలా చేస్తాయి. కాబట్టి దవడ నొప్పి పోతుందని పళ్లను అరగదీయించుకోవడం సరికాదు. అరిగిన పింగాణీ మళ్లీ రాదు. అలాగని పలువరుస కేవలం అందం సంగతేనా అంటే, కాదు. పైపళ్లు బాగా ముందుకొచ్చిన పిల్లలు పడినప్పుడు ఆ పళ్లు విరిగే ప్రమాదం ఎక్కువని ఎన్నో అధ్యయనాలు తేల్చాయి. కింది పళ్లు పై అంగిలి చిగురును గుచ్చుకునేంత లోతుగా మూసుకుంటే అక్కడ పుండవుతుంది. నోరు మూసేటప్పుడు దవడ ఒక పక్కకు జారే పిల్లలను ఎదిగే వయసులోనే చూపించాలి. ఇవి చికిత్స చేయించి తీరాల్సిన లోపాలు, కొద్దిపాటి వంకర కాదు.

అదంతా తల్లిదండ్రుల పోలిక కదా, మనం చేసేదేముంది అనేవాళ్లున్నారు. దవడ ఆకారంలో వంశం పాత్ర నిజమే. కానీ 1980లలో మానవశాస్త్రవేత్త రాబర్ట్ కొరుచ్చీని బృందం ఉత్తర భారతంలో పరిశీలించినప్పుడు, ఒకే ప్రాంతపు జనంలో పల్లె యువతకన్నా చండీగఢ్ పట్నపు యువతలో పలువరుస లోపాలు ఎక్కువగా కనపడ్డాయి. మెత్తటి తిండివల్ల ఎదిగే దవడకు చాలినంత పని లేకపోవడం ఒక కారణమని వారి వివరణ. జొన్నరొట్టె నుంచి వడాపావ్‌కు వచ్చిన కుటుంబాలకు ఇది ఆలోచించదగ్గ సంగతే. అయితే పెద్దయ్యాక గట్టి తిండి తిన్నంత మాత్రాన వరుస సరికాదు.

పుచ్చును ఆపే ఫ్లోరైడ్ పేస్టు మీద ఉన్న అభ్యంతరం మరింత గట్టిది. నల్గొండ వైపు నుంచి వచ్చిన కుటుంబాలకు ఫ్లోరైడ్ అంటే గారపళ్లు, వంగిపోయిన ఎముకలు. ఆ భయం అనుభవంలోంచి వచ్చింది, కొట్టిపారేయకూడదు. కానీ అక్కడి హాని బోరు నీళ్లది, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగడంవల్ల కలిగింది. ముంబయి కుళాయికి వచ్చేది తాన్సా, భాత్సా, వైతర్ణ జలాశయాల నీరు, అందులో ఫ్లోరైడ్ స్వల్పం. ఇక్కడి పిల్లవాడికి బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు, మింగకుండా ఉమ్మేలా చూస్తే, పంటికి రక్షణే. ఆరేళ్ల పన్ను పూర్తిగా బయటికి రాగానే గాళ్లను పూతతో మూయించే పద్ధతీ ఉంది. నొప్పి లేదు, మత్తు అక్కర్లేదు.

ఇంత సులువైతే ఎందుకు చేయించరు? పీకించుకోవడం ఒక పూట పని. వేరుకు వైద్యం చేసి పన్ను నిలబెట్టాలంటే చాలాసార్లు తిరగాలి, ప్రతిసారీ కూలి పోతుంది. మిల్లు కార్మికుడికి ఈఎస్ఐ బీమా అండ ఉండేది. 1982 సమ్మె తర్వాత మిల్లులు మూతపడ్డాక దొరికిన పనుల్లో చాలావాటికి అది లేదు. పీకించుకున్నవాళ్లను తప్పుబట్టే హక్కు మనకు లేదు. అందుకే భారం ముందు వయసుకు మారాలి. బడిలో చేరిన ఏడాదే ఒకసారి, పన్నెండేళ్లకు రెండో దవడపన్ను వచ్చినప్పుడు ఇంకోసారి పరీక్ష చేయించాలి. ఇంట్లో పెద్దలు మిష్రీ (పళ్లకు రుద్దుకునే కాల్చిన పొగాకు పొడి), గుట్కా మానడం కూడా ఇందులో భాగమే. 2012లో మహారాష్ట్ర గుట్కాను నిషేధించినా పోక నమలడం ఆగలేదు. పోకవల్ల బుగ్గలు లోపల బిగుసుకుపోయి నోరు రెండు వేళ్లంత కూడా తెరుచుకోని స్థితి వచ్చాక, వెనకున్న దవడపన్నుకు వైద్యం చేయడానికి వైద్యుడి చేతి పరికరం లోపలికి పోవడమే కష్టం.