నొప్పి పోతే మానినట్టేనా?

మాది ధర్మవరం. రూట్ కెనాల్ చేయించుకున్న రెండేళ్లకి మా అమ్మకి అదే పంటి దగ్గర చిగురు మీద చీము పొక్కు లేచింది. "పీకిచ్చేస్తే పోతాది లే నాయనా" అంది. హిందూపురంలో, బెంగళూరు నుంచి వచ్చే డాక్టర్ మాత్రం ఇంకో దారి ఉందన్నారు: వేరు చివర మైక్రోసర్జరీ.

రూట్ కెనాల్‌లో పంటిని పైనుంచి శుభ్రం చేస్తారు. వేరు కొన దగ్గర బ్యాక్టీరియా మిగిలిపోతే చుట్టూ ఎముక కరుగుతూనే ఉంటుంది. ఈ సర్జరీలో చిగురు తెరిచి, మైక్రోస్కోప్‌లో చూస్తూ, వేరు కొన 3 మిల్లీమీటర్లు కోసేస్తారు. అక్కణ్ణుంచి ఇంకో 3 మిల్లీమీటర్ల లోతు శుభ్రం చేసి, ఎం.టి.ఎ. లాంటి సిమెంట్‌తో మూసేస్తారు.

మరి మానుతుందా? అంతకుముందు అధ్యయనాల్ని కలిపి చూసిన 2010 నాటి విశ్లేషణలో పాత పద్ధతికి 59 శాతం, మైక్రోసర్జరీకి 94 శాతం సక్సెస్ కనిపించింది. వేరు నిలువునా చీలి ఉంటే మాత్రం చాలావరకు పన్ను పీకించుకోవాల్సిందే.

కుట్లు వారంలోపే తీసేస్తారు. ఎముక నిండటానికి మాత్రం నెలలు పడుతుంది. అందుకే ఏడాదికి ఎక్స్‌రే.

"నొప్పి లేదు కదా, మళ్లీ ఎందుకు పోయేది?" అని రైల్లో పెనుకొండ దాటేదాకా అమ్మ తిడుతూనే ఉంది. ఎక్స్‌రేలో నల్ల మచ్చ బాగా చిన్నదైంది, కానీ పూర్తిగా పోలేదు. ఇంకో ఏడాదికి మళ్లీ రమ్మన్నారు. ఈసారి అమ్మే తారీఖు క్యాలెండర్ మీద రాసుకుంది.