కల్పనకు కట్టుబాటు

పుదుచ్చేరి పట్టణానికి తెలుగు సాహిత్యచరిత్రలో చిన్నదే అయినా చెప్పుకోదగిన స్థానమొకటి ఉన్నది. పదునెనిమిదవ శతాబ్దంలో అక్కడి ఫ్రెంచి కంపెనీకి దుబాషీగా ఉండిన ఆనందరంగ పిళ్ళైకి కస్తూరి రంగకవి తన లక్షణగ్రంథాన్ని అంకితం చేసినాడు. ఆనందరంగరాట్ఛందమనే పేరుతో అది ప్రసిద్ధం. ఫ్రెంచివారి రేవుపట్టణంలో, తమిళుడైన దుబాషీ పేరిట, తెలుగు ఛందస్సు వెలయడం ముచ్చటైన విషయం. అయితే ఇక్కడ ఆ గ్రంథాన్ని తలచుకోవడానికి వేరొక కారణమున్నది. ఛందస్సు కవికి ఎల్లలు గీస్తుంది. ఆ ఎల్లలు శ్రోతకూ తెలుసును. యతిస్థానం తెలిసిన చెవికే యతి కుదిరినప్పటి ఆనందం దక్కుతుంది. అద్భుతకథలోని మంత్రానికి కూడా ఈ ధర్మమే వర్తిస్తుందని ఈ వ్యాసంలో నిరూపించదలచినాను.

ఈ ధర్మానికి మిక్కిలి కఠినమైన పరీక్ష జరిగే చోటు నేడు పుస్తకం కాదు, ఒక ఆట. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు సూత్రధారి, ఆయన ఒక జగత్తును కల్పించి వర్ణిస్తాడు. తక్కినవారు తలా ఒక పాత్రను ధరించి, ఆ జగత్తులో తామేమి చేయదలచినదీ చెప్తారు. ఫలితం సందిగ్ధమైనచోట పాచికలు తీర్పు చెప్తాయి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ అనే పేరుతో ఈ విధమైన ఆటను మొట్టమొదట ప్రకటించినారు. యుద్ధవ్యూహాల ఆటలనుండి పుట్టిన ఈ ప్రక్రియ నేడు అనేక దేశాలలో వ్యాపించి ఉన్నది.

రచయితలకు దీనితో ఏమి పని అని అడుగవచ్చును. నవలాకారుడు తన నాయకుణ్ణి తాను గీసిన దారిలోనే నడిపిస్తాడు. దారికి ఆవల ఏమున్నదో ఆయన చెప్పనక్కరలేదు. బల్ల దగ్గర అట్లా కుదరదు. “మేము ఉత్తరానికి పోము, దక్షిణానికి పోతాము” అని శ్రోత అనగానే దక్షిణాన ఏదో ఒకటి ఉండవలె. అది నిన్న చెప్పినదానికి విరుద్ధంగా ఉండరాదు. కథకుడు కట్టిన ప్రపంచం గోడబొమ్మయో, నిజమైన ఇల్లో ఆ క్షణంలో తేలిపోతుంది.

ఉదాహరణకు పుదుచ్చేరినే రంగస్థలంగా తీసుకొందాము. కాలం 1748. ఆ సంవత్సరం ఆగస్టు మొదలు అక్టోబరు వరకు బాస్కవెన్ నాయకత్వాన ఇంగ్లీషు సేన పట్టణాన్ని ముట్టడించి, వానకారు రాగా విఫలమై వెనుదిరిగింది. లోపల గవర్నరు డూప్లే. ఆయన దుబాషీ ఆనందరంగ పిళ్ళై. 1693లో పట్టణాన్ని పట్టుకొన్న డచ్చివారు వేసిన చతురపు వీధుల పథకం దీనికి ఆధారం. ఇట్టి పట్టణం సూత్రధారికి వరం. వీధులు సూటిగా ఉన్నందున ఎవరు ఎక్కడున్నారో అందరి మనసులోను స్పష్టంగా నిలుస్తుంది. కోట, సముద్రం, వాడలు, ప్రాకారద్వారాలు వేటికవి గుర్తుంటాయి. ముట్టడి మూలాన ద్వారాలు మూసి ఉన్నవి. కనుక బయటికి పోవడమే ఒక సాహసం.

అన్వేషణకు మూడు అంగాలు అవసరం. మొదటిది, దూరంనుండి కనిపించే గుర్తు. రెండవది, తెలిసి చేసే ఎంపిక. మూడవది, ఎంపికకు చెల్లించే మూల్యం. పట్టణానికి దక్షిణంగా, నడిచిపోతే ఇంచుమించు గంట దూరంలో, అరియాంకుప్పం నది ఒడ్డున అరికమేడు దిబ్బ ఉన్నది. అక్కడ 1945లో మార్టిమర్ వీలర్ త్రవ్వించగా ఇటలీదేశపు మట్టిపాత్రల శకలాలు, మద్యం తెచ్చిన కూజాల ముక్కలు బయటపడినవి. ప్రాచీనకాలంలో రోమక వర్తకంతో ఆ రేవుకు సంబంధముండెనని రుజువైనది. పూసల తయారీకి కూడా అది పేరుపడ్డ చోటు. 1748లోని మన పాత్రలకు ఇదేమీ తెలియదు. వారికి తెలిసినదల్లా, వాన వెలిసిన తరువాత ఆ దిబ్బమీద రంగురాళ్లు దొరుకుతాయన్న మాట. జాలరి ఒకడు పూస చూపుతాడు. కోమటి ఒకడు అటువంటి పూస ఈ దేశపు పని కాదేమో అంటాడు. ముసలమ్మ ఒకతె ఆ దిబ్బ క్రింద ఊరున్నదంటుంది. ఒకే సత్యానికి మూడు ఆనవాళ్లు వేర్వేరు నోళ్లలో ఉంచితే, రెండు చేజారినా మూడవది చిక్కుతుంది. రాత్రివేళ పోతే పహరా తప్పుతుంది, దీపపు చమురు ఖర్చవుతుంది. పగలు పోతే చమురు మిగులుతుంది, శత్రువు కంటబడుతారు. ఈ బేరీజు వేసుకోవడమే ఆటలోని రసం. ఏ దారిన పోయినా సూత్రధారి అదే దిబ్బకు చేరుస్తాడని తెలిసిన నాడు ఆ రసం ఇంకిపోతుంది.

మన భాషలో దీనికి పూర్వరూపం లేకపోలేదు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు గోపకుమారుణ్ణి వెంటబెట్టుకొని కాశీకి ప్రయాణం కడతాడు. మజిలీ మజిలీకి ఆ కుర్రవాడు ఊరు తిరిగివచ్చి, తాను చూచిన వింతకు కారణమేమని అడుగుతాడు. చెప్పకపోతే అడుగు ముందుకు వేయడు. సిద్ధుడు తన వద్దనున్న మణిప్రభావం చేత వృత్తాంతం తెలిసికొని చెప్తాడు. కథను కదిలించేది శ్రోత తిరిగిన తిరుగుడు, అతడు అడిగిన ప్రశ్న. మణి జ్ఞానాన్ని ఇస్తుందేగాని కాళ్ల నొప్పిని తీర్చదు. కాశీకి నడిచే పోవలె. దీక్షితులవారు మణికి ఆ శక్తి కూడా ఇచ్చి ఉంటే మజిలీలే లేకపోవును.

దీనితో మంత్రశక్తికి హద్దులనే ప్రధానాంశానికి వచ్చినాము. కళాపూర్ణోదయంలో పింగళి సూరన నిర్మించిన హారాన్ని చూడండి. దాని మణి వక్షస్థలాన్ని తాకినప్పుడే పసిబిడ్డ అయిన మధురలాలసకు పూర్వవృత్తాంతం స్ఫురిస్తుంది. అంతటి చిక్కుల కథను ఆ చిన్న నియమం మోస్తున్నది. 1951లో విజయావారు తీసిన పాతాళభైరవిలో ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వారి కోరిక తీరుస్తుంది, మంచిచెడ్డలు విచారించదు. అందుచేతనే దానిని దొంగిలించడం కథకు ప్రాణమైనది. పాశ్చాత్యుల ఆట తొలి రూపాలలో మాంత్రికుడు మంత్రాన్ని ముందుగా కంఠస్థం చేయవలసి ఉండేది. ప్రయోగించగానే అది స్మృతినుండి తొలగిపోయేది. ఈ నియమాన్ని 1950లో వెలువడిన జాక్ వాన్స్ కథలనుండి గ్రహించినారు. దేశాలు వేరైనా పద్ధతి ఒక్కటే: శక్తిని ఎవరు వాడగలరు, ఏమి చెల్లించవలె, ఎంతసేపు నిలుస్తుంది, ఏది దానికి సాధ్యం కాదు అనే నాలుగు ప్రశ్నలకు ముందుగానే జవాబులుండవలె.

పుదుచ్చేరి ఆటకు నిధులు చూపే అంజనాన్ని ఎంచుకొందాము; మన పల్లెలు ఎరిగిన వస్తువే. అది ఒక్క జాము పనిచేస్తుంది. భూమిలోని లోహాన్ని చూపుతుంది, మట్టిని చూపదు. పెట్టుకొన్నవాడు ఆ జాముసేపు మనుష్యుల ముఖాలను గుర్తుపట్టలేడు. ఇక దీని పర్యవసానాలను ఆలోచించవలె. ఇట్టి అంజనమున్న పట్టణంలో వర్తకులు బంగారాన్ని ఇనుపగుండ్ల నడుమ పాతిపెడతారు. ద్వారపాలకులు కాటుక కళ్లవారిని నిలిపి తల్లిపేరు కాక ఎదుటివాని పేరు అడుగుతారు. ఒక్క మాయవస్తువు లోకంలోకి వస్తే ధరలు, తాళాలు, చట్టాలు, సామెతలు కూడా కొంత మారతాయి. వాటిని మార్చని కథకుడు ఆ వస్తువును తానే నమ్మలేదన్నమాట.

పొందికను కాపాడుకోవడానికి సాధనం ఒక లెక్కపుస్తకం. ఆనందరంగ పిళ్ళై 1736 మొదలు 1761 వరకు తమిళంలో వ్రాసిన దినచర్య దానికి చక్కని మేలుబంతి. వచ్చిన ఓడలు, సరకులు, కొలువులోని మాటలు, వీధిలోని వదంతులు ఏ తేదీకి ఆ తేదీ అందులో కనబడతాయి. సూత్రధారి కూడా తాను చెప్పిన ప్రతి పేరును, దూరాన్ని, ధరను వ్రాసిపెట్టుకోవలె. పాత్రలు లేనిచోట కూడా నాలుగు రోజుల్లో ఏమి జరుగుతుందో నిర్ణయించుకోవలె. వారు దిబ్బ త్రవ్వుతుండగా పట్టణంలో బియ్యం ధర పెరగవలె.

ఆ దినచర్యలోనే మరొక ఘట్టమున్నది. 1748 ముట్టడి కాలంలో పట్టణంలోని వేదపురీశ్వరాలయాన్ని కూలద్రోసినారు. ఆలయం తరువాతికాలంలో వేరొకచోట వెలసినది. అయితే ఆనాటి దుఃఖం దుఃఖమే. మన ఆటలో ఎవరైనా “మంత్రంతో గుడిని తిరిగి నిలబెడతాను” అంటే ఏమి చేయవలె? సాధ్యం కాదని నేనంటాను. మాయ ఎంత గొప్పదైనా, జరిగిపోయిన నష్టాన్ని జరగనట్టు చేస్తే ఆ పట్టణంలోని మనుష్యులు బొమ్మలవుతారు. వారి కన్నీటికి విలువ ఉండదు. పాత్రలు ఒక విగ్రహాన్ని చీకట్లో దాచగలరు, ఒక అర్చకుణ్ణి ప్రాకారం దాటించగలరు, చూచినదానికి సాక్ష్యం చెప్పగలరు. అవి చిన్న పనులు. హద్దు ఉన్నందువల్లనే అవి వీరకార్యాలవుతాయి.

చందమామలో 1954లో తోకచుక్కతో మొదలైన దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలు చదివి పెరిగిన తరాలకు కోటలు, గుహలు, మాంత్రికులు కొత్త కాదు. నేటి తెలుగు పిల్లలు ఇట్టి ఆటలు ఆడవలెనంటే తరచు పరదేశపు పటాలమీద, పరదేశపు పేర్లతో ఆడవలసి వస్తున్నది. వారికి కావలసినది ఒక ఊరి పటం, నాలుగు నియమాలు, ఇరవై పేర్లు, పది వదంతులు. ఒక చిన్న కరపత్రంలో ఇమిడే పని ఇది. యానాం రేవును తీసుకొన్నా, కొండపల్లి కోటను తీసుకొన్నా, తన స్వగ్రామపు చెరువుగట్టును తీసుకొన్నా ఏ రచయితకైనా సాధ్యమే. గణాలు లెక్కించి పద్యం కట్టిన చేతులకు ఈ లెక్క కొత్తగా నేర్పనక్కరలేదు.