నరాల జబ్బు ఎంత ముదిరింది? కండరంలోని కొవ్వే చెబుతుంది

నడుస్తుంటే కాలి నుంచి చెప్పు జారిపోతుంది. నమాజులో సజ్దా నుంచి లేవాలంటే చేతులతో నేలను గట్టిగా నొక్కాల్సి వస్తుంది. వయసు మీద పడిందిలే, బలం తగ్గిందిలే అని చాలా ఇళ్లలో వదిలేస్తారు. కానీ నరాలో కండరాలో దెబ్బతింటున్నాయేమో డాక్టర్‌కు చూపించుకోవాల్సిన లక్షణాలివి.

ఇలాంటి జబ్బుల్లో చాలావాటితో అసలు చిక్కు, అవి మెల్లగా ముదరడమే. షార్కో-మేరీ-టూత్ అనే వంశపారంపర్య నరాల వ్యాధినే తీసుకోండి. నరం నుంచి ఆజ్ఞ సరిగా అందక పాదాలు, పిక్కల కండరాలు ఏళ్ల తరబడి చిక్కిపోతూ వస్తాయి. పోయినేడు ఎలా ఉంది, ఇప్పుడెలా ఉంది అంటే తేల్చి చెప్పడం కష్టం. బలాన్ని కొలిచే పరీక్షలు ఉన్నాయి గానీ, ఆ రోజు మనిషి అలసిపోయి ఉంటే లెక్క మారిపోతుంది.

ఇక్కడే ఎంఆర్‌ఐ అక్కరకొస్తోంది. కండరం పాడైన చోట మెల్లగా కొవ్వు చేరుతుంది. నీటిలోని హైడ్రోజన్, కొవ్వులోని హైడ్రోజన్ అయస్కాంతంలో కాస్త తేడాగా స్పందిస్తాయి. ఆ తేడాతో రెండింటినీ విడదీసే డిక్సన్ పద్ధతి 1984లోనే వచ్చింది. దీంతో పిక్కలో నూటికి ఎంత కొవ్వు ఉందో అంకెల్లో చెప్పొచ్చు.

లండన్ పరిశోధకులు ఈ వ్యాధి ఉన్న 20 మందిని ఏడాదిపాటు ఇలా పరిశీలించారు. 2016లో ‘లాన్సెట్ న్యూరాలజీ’లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, పిక్కలో కొవ్వు సగటున 1.2 శాతం పెరిగింది. చిన్న అంకే. కానీ కంటికి కనబడని మార్పు ఏడాదిలోనే పట్టుబడిందంటే, కొత్త మందు పనిచేస్తోందా లేదా అని తేల్చడానికి ఏళ్లూ పూళ్లూ ఆగక్కర్లేదు.

అలాగని సొంతంగా వేలు పోసి స్కాన్ తీయించుకోకండి. ఈ కొలత ఎక్కువగా పరిశోధనల్లోనే వాడుతున్నారు; మామూలు రిపోర్టులో సాధారణంగా ఆ అంకె ఉండదు. నరాల వేగం పరీక్ష, రక్తంలో సీకే, జన్యు పరీక్ష, వీటిలో ఏది ముందు కావాలో న్యూరాలజిస్టే చెప్పాలి.

ఎంఆర్‌ఐ రాస్తే మాత్రం ఎక్స్‌రే కిరణాల భయం అక్కర్లేదు. పేస్‌మేకర్, ఒంట్లో లోహపు ముక్కలు ఉంటే ముందే చెప్పాలి. గాజులు, హిజాబ్ పిన్నులు, రేకు డబ్బీలో ఉన్న తావీజు అన్నీ తీసేసి లోపలికి వెళ్లాలి.